బలమిచ్చు చక్కెర, దేహమిచ్చు ధాన్యము

*ఇంట బీరు చేసికొనువారు కుండలో చక్కెర ఏల వేయుదురు? ఆ పిడికెడు చక్కెర వెనుక రాజుల పన్నులు, నిషేధశాసనములు, పేదల విషాదము, ఒక మఠవాసుల ఓర్పు దాగియున్నవి.*

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, డిసెంబరు మాసపు ఒకానొక శనివారము సాయంకాలము, కిటికీ వెలుపల మంచు కురియుచుండగా, ఒక తెలుగువారి వంటింట ముప్పది లీటర్లు పట్టు ఉక్కుగంగాళము కుతకుత ఉడుకుచున్నది. అందులోనిది బార్లీ మాల్టు కషాయము. దానిపై తేలుచున్న హాప్ పువ్వుల చేదువాసన ఇల్లంతయు నిండినది. ప్రక్కపొయ్యిమీద చిన్నగిన్నెలో, తల్లి అనకాపల్లి నుండి పెట్టెలో మోసికొనివచ్చిన బెల్లపుదిమ్మ నీళ్లలో కరగుచుండగా, కుమారుడు గరిటెతో కలుపుచు నిలిచియున్నాడు. పాకము వాసన తగిలి లోపలిగదినుండి వచ్చిన తల్లి గిన్నెలోనికి తొంగిచూచినది.

“అరిసెలకేనా ఏంట్రా? మరీ ముదరనివ్వకు.”

“అరిసెలకి కాదమ్మా, బీరులోకి.”

“బెల్లం పులియబెడతావా? ఇంతదూరం వచ్చి సారా కాస్తున్నావా ఏంటి నాయనా!”

“బట్టీ పెట్టట్లేదమ్మా. ఉత్త పులవబెట్టడమే.”

ఆ తల్లి భయమును తోసివేయరాదు. తెలుగునాట ‘బెల్లపు ఊట’ అనినంతనే జ్ఞప్తికి వచ్చునది నాటుసారా బట్టీ, పోలీసుల దాడి, పగిలిన కుండలు, ఇంటికి చేరని కూలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున స్త్రీలు సారాపై తిరుగబడి, ఆ ఉద్యమమును రాష్ట్రమంతటను వ్యాపింపజేసి, మరుసటి సంవత్సరము అక్టోబరునాటికి ప్రభుత్వముచే సారాను నిషేధింపజేసిన కాలమును కన్నులార చూచిన తరము ఆమెది. అట్టి తల్లికి కుమారుడు చెప్పవలసిన సమాధానము ఒక్కమాటలో ముగియునది కాదు. సారా బట్టీలో ఊటను మరిగించి ఆవిరిని పట్టుదురు. తీవ్రత అక్కడ కలుగును. బీరుకు మరిగింపు పులియుటకు ముందే ముగియును. తరువాతి పని అంతయు ఈస్టుదే. అయినను పులియునది రెండింటను చక్కెరయే.

హైదరాబాదున, తెలంగాణ ప్రభుత్వము 2015లో సూక్ష్మ బీరుశాలలకు నియమావళి నేర్పరచిన పిదప, బీరు ఎట్లు తయారగునను కుతూహలము మనవారిలోను పెరిగినది. విదేశములందు ఉద్యోగములు చేయుచున్న తెలుగు యువకులు కొందరు దీనిని వారాంతపు వ్యాసంగముగా చేపట్టినారు. వారు తమలో తాము తరచుగ వాదించుకొను విషయము ఒకటి కలదు: బీరు బలమును పెంచుటకు చక్కెర వేయవచ్చునా, వేసిన అది మోసమగునా? ఈ వాదమునకు కనీసము 5 శతాబ్దుల వయస్సున్నది. (మన తెలుగునాట మాత్రము ఈ వ్యాసంగమునకు తావులేదని ఇక్కడనే చెప్పవలసియున్నది. రెండు తెలుగు రాష్ట్రములందును వర్తించుచున్న 1968 నాటి ఆబ్కారీ చట్టము ప్రకారము, అనుజ్ఞాపత్రము లేక ఇంట మత్తుపానీయము తయారుచేయుట నేరము.)

ఈస్టు తినునది, విడుచునది

బార్లీ మొలకెత్తినపుడు గింజలో మేల్కొను ఎంజైములు, ఆ మాల్టును నలగగొట్టి ఇంచుమించు 66 డిగ్రీల వేడినీటిలో గంటసేపు నానబెట్టినచో, అందలి పిండిని చక్కెరలుగా విడగొట్టును. వీనిలో ప్రధానమైనది మాల్టోజు. దానిని ఈస్టు చక్కగా భుజించును. కాని పిండి అంతయు మాల్టోజుగా మారదు. డెక్స్‌ట్రినులను పేర కొంత భాగము పెద్ద ముక్కలుగానే మిగిలిపోవును. బీరు ఈస్టు వానిని ముట్టలేదు. ఆ మిగిలిన భాగమే బీరునకు చిక్కదనమును, నాలుకపై నిండుదనమును, అల్పమైన తీపిని ఇచ్చునది.

చక్కెర సంగతి వేరు. మన వంటింటి పంచదారను ఈస్టు తన ఇన్వర్టేజు ఎంజైముతో గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా చీల్చి, శేషము లేకుండ తినివేయును. సిద్ధాంతరీత్యా 180 గ్రాముల గ్లూకోజునుండి 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడును. అనగా 20 లీటర్ల బీరులో ఒక కిలో పంచదార చేరినచో ఆల్కహాలు ఇంచుమించు 3 శాతము పెరుగును. బలము పెరిగినది, దేహము పెరుగలేదు, సాపేక్షముగ తగ్గినది కూడ. తాటికల్లు త్రాగినవారికి ఇది అనుభవైకవేద్యము. నీరాలోని చక్కెర ఇంచుమించు అంతయు సుక్రోజే గనుక, అది చెట్టుననున్నపుడే పులియనారంభించి, చిక్కదనమేమియు మిగులక పలుచగా, సూటిగా ఉండును.

> లెక్క చూచుకొను విధము
>
> ఇంట బీరు చేయువారికి, ద్రవసాంద్రతను కొలుచు హైడ్రోమీటరు ప్రాణసమానము. పులియుటకు ముందు కషాయపు విశిష్ట గురుత్వము 1.050 ఉండి, పులిసిన పిదప 1.012కు దిగినదనుకొందము. భేదము 0.038. దీనిని 131తో హెచ్చవేసినచో ఇంచుమించు 5 శాతము ఆల్కహాలు అని తేలును. 20 లీటర్లలో కిలో పంచదార తొలి గురుత్వమును సుమారు 0.019 మేర పెంచును. పంచదార భాగమెక్కువైనకొలది తుది గురుత్వము క్రిందికి దిగుచుండును. ఏలయన నీటికంటె ఆల్కహాలు తేలిక.

పన్ను మారినపుడు పానీయము మారినది

1516లో బవేరియా ప్రభువులు ఇంగోల్‌స్టాట్ నగరమున ఒక శాసనము ప్రకటించిరి. బీరునందు బార్లీ, హాపులు, నీరు తప్ప మరేమియు ఉండరాదని దాని సారాంశము. ఆ శాసనమునకు నేటికిని గల గౌరవము వలననే, చక్కెర అనగానే జర్మను సంప్రదాయాభిమానులు ముఖము చిట్లించుదురు. ఇంగ్లండుననో, కథ పన్నుల పట్టికలలో నడచినది. అచ్చట ఖజానాకు మాల్టుపై పన్ను ఒక గొప్ప ఆదాయము. మాల్టునకు బదులు చక్కెర వాడినచో ఆ పన్ను ఎగిరిపోవును గనుక, శాసనములు దానిని చిరకాలము వారించినవి. 1847లో మాత్రము పార్లమెంటు చక్కెరకు శాశ్వతముగా తలుపు తెరచినది. 1880లో గ్లాడ్‌స్టన్ ఆ మాల్టుపన్నునే రద్దుచేసి, కషాయపు సాంద్రతపై పన్ను విధించెను. ఆ క్షణమునుండి బీరు తయారీదారునకు ఏ ధాన్యమైనను, ఏ చక్కెరయైనను ఒక్కటే. ఏది చౌకయో అది గంగాళములోనికి చేరినది. అదే చట్టము ఇంట చేసికొనువారిపై అనుజ్ఞాపత్రపు భారమును మోపినది.

ఈ స్వేచ్ఛకు మూల్యమును పేదలు చెల్లించిరి. 1900 సంవత్సరపు శరత్కాలమున మాంచెస్టరు, సాల్‌ఫర్డు నగరముల ఆసుపత్రులకు విచిత్రమైన వ్యాధితో శ్రామికులు రాసాగిరి. పాదములు, చేతులు మొద్దుబారుట, నడువలేకపోవుట, చర్మము నల్లబడుట, స్పర్శమాత్రముననే భరింపరాని నొప్పి. తొలుత వైద్యులు దీనిని త్రాగుబోతుల నరాలజబ్బని తలచి, రోగినే నిందించి ఊరకుండిరి. ఎర్నెస్టు రెనాల్డ్స్ అను వైద్యుడు మాత్రము ఒక విషయమును గమనించెను: తీవ్రమైన సారాయములు త్రాగువారికి ఈ వ్యాధి లేదు, చౌకబీరు త్రాగువారికే వచ్చుచున్నది. ఆయన బీరును పరీక్షించి అందు పాషాణమును (ఆర్సెనిక్‌ను) కనుగొనెను. ఆచూకీ తీయగా, పిండిని గ్లూకోజుగాను, చెరకుచక్కెరను విలోమ చక్కెరగాను మార్చుటకు వాడిన గంధకికామ్లము పాషాణముగల ఖనిజమునుండి తీసినదని, ఆ విషము ఆమ్లమునుండి చక్కెరకు, చక్కెరనుండి బీరుకు చేరినదని వెల్లడియైనది. 6,000 మందికి పైగా వ్యాధిగ్రస్తులైరి. కనీసము 70 మంది మరణించిరి. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు లార్డ్ కెల్విన్ అధ్యక్షతన విచారణసంఘము నియమితమై, ఆహారమున పాషాణమునకు పరిమితులను సూచించినది.

ఇందు చక్కెర దోషియా? కాదని నా దృఢాభిప్రాయము. ఎక్కడినుండి వచ్చినదో, ఏ విధముగా తయారైనదో అడుగక చౌకదనమునే చూచి కొన్న వ్యాపారబుద్ధి దోషి. రోగి త్రాగుబోతు అను ముద్రతో విచారణను కొంతకాలము అడ్డగించిన సమాజదృష్టి అంతకంటె దోషి. ఇంట బీరు చేయువాడు తన కుండలో పడు ప్రతి గ్రాము చక్కెరను తానే ఎన్నుకొనును. అతని స్వాతంత్ర్యములో నాకు మిక్కిలి విలువైనదిగా తోచు అంశము అదియే.

నిషేధకాలపు వంటిళ్లు

1920 జనవరినుండి 1933 డిసెంబరువరకు అమెరికాలో మద్యనిషేధము అమలైనది. బీరుశాలలు మూతబడినవి గాని, రొట్టెలకు, పిండివంటలకు ఉపయోగమను పేర డబ్బాలలో మాల్టు పాకమును అమ్ముటకు చట్టమడ్డు రాలేదు. బడ్‌వైజరు బీరుచే పేరొందిన ఆన్‌హైజర్-బుష్ సంస్థయే అట్టి పాకమును విక్రయించినది. దానిని కొన్నవారందరును రొట్టెలు కాల్చుకొనలేదనుట స్పష్టము. ఒక డబ్బా పాకము, దానికి తోడు కొన్ని పౌండ్ల పంచదార, రొట్టె ఈస్టు, ఒక పెద్ద జాడీ: ఇంతే సామగ్రి. పాకము ఖరీదైనది, పంచదార చౌక. కాబట్టి పాకము తగ్గుచు, పంచదార పెరుగుచు వచ్చినది. రాత్రివేళ నేలమాళిగలో సీసాలు పేలిన చప్పుళ్లు ఆ తరమువారు మనుమలకు చెప్పుకొను కథలైనవి. పలుచగా, పులుపుదేలి, రొట్టెవాసనతోనుండు ఆ పానీయము ‘ఇంటి బీరు’నకు తెచ్చిన అపకీర్తి అర్ధశతాబ్దమువరకు వదలలేదు.

నిషేధము తొలగినపుడు ఇంట ద్రాక్షసారాయము చేసికొనుటకు అనుమతి లభించినది గాని, బీరుకు లభింపలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకము చేసిన చట్టముతో ఆ లోపము తీరినది. ఒక్క వయోజనుడున్న ఇంట ఏటికి 100 గాలనులు, ఇద్దరు లేక అంతకెక్కువమంది ఉన్న ఇంట 200 గాలనులు, పన్ను లేక చేసికొనవచ్చును, అమ్మరాదు. అయినను రాష్ట్రముల చట్టములు వేరుగా ఉండుటచే, మిసిసిపీ, అలబామా రాష్ట్రములు 2013వరకు అంగీకరింపలేదు.

బ్రిటనులో ఇట్టి విముక్తి మరికొంత ముందుగానే కలిగినది. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఇంటి బీరుకు అనుజ్ఞాపత్రపు అవసరమును తొలగించెను. తరువాతి రెండు దశాబ్దములలో మాల్టు పాకపు డబ్బాలు వంటింటి అరలకెక్కినవి. డబ్బాపై అచ్చుపడిన సూచనలలో ‘ఒక కిలో పంచదార చేర్పుడు’ అను వాక్యము తప్పక ఉండెడిది. ఆస్ట్రేలియాలోను ఒక డబ్బా, ఒక కిలో అను ఈ పద్ధతియే ఇంటి బీరుకు పర్యాయపదమైనది. కూలిడబ్బుతో జీవించు కుటుంబీకునికి, బీరుశాలలో గ్లాసుకు చెల్లించునదానిలో స్వల్పభాగముతో ఇంట ఒక పీపా నింపుకొను అవకాశము చిన్న విషయము కాదు. ఆ పొదుపును నేను తక్కువ చేసి మాటలాడలేను. పులియగల పదార్థమున సగమువరకు పంచదారయే అయినపుడు రుచి పలుచబడి, ఆపిలు పులుపును తలపించినదనుట మాత్రము సత్యము. ఆ నిందలో కొంతభాగము పాతబడిన పాకమునకు, డబ్బామూతక్రింద నెలలతరబడి ఎండిన ఈస్టునకు చెందవలెనని తరువాతివారు తెలిసికొనిరి.

మఠము నేర్పిన మితి

చక్కెరకు గౌరవము దక్కిన దేశము బెల్జియము. అక్కడను మొదట పనిచేసినది ఒక శాసనమే. సామ్యవాదనాయకుడు, న్యాయశాఖామంత్రి ఎమిల్ వాండర్‌వెల్డ్, శ్రామికుల సంసారములను సారాయమునుండి కాపాడవలెనను సంకల్పముతో 1919లో చేయించిన చట్టము, పానశాలలలో తీవ్రమద్యముల అమ్మకమును నిషేధించినది. అంగడిలో కొనవలెనన్నను 2 లీటర్లకు తక్కువ కొనరాకుండెను. అంత మొత్తము ఒక్కమారు చెల్లించుట కూలివానికి అసాధ్యమని ఆయన భావము. దూబగుంట స్త్రీల ఆవేదనకును ఈ మంత్రి సంకల్పమునకును నడుమ ఖండాంతరముల దూరమున్నను, మూలము ఒక్కటే అని నాకు తోచును. పానశాలలో తీవ్రమైనదానికి అలవాటుపడినవారు బలమైన బీరులవైపు మరలిరి. తయారీదారులు ఆ రుచిని తీర్చిరి.

ట్రాపిస్టు సన్న్యాసుల వెస్ట్‌మాల్ మఠము 1934లో వెలువరించి, 1956లో మెరుగుపరచిన ‘ట్రిపెల్’ నేటికిని ఈ రీతికి ప్రమాణము. 9.5 శాతము ఆల్కహాలున్నను, బంగారువర్ణముతో, తేలికగా, చివరకు నాలుకను పొడిగా విడుచును. కేవలము మాల్టుతో ఇంత బలము తెచ్చినచో అది తీయని గంజివలె చిక్కబడి, రెండవ గుక్కకే మొగము మొత్తించును. మాల్టులో కొంతభాగమునకు బదులుగా చక్కెర చేర్చుటచే బలము నిలిచి, బరువు తగ్గినది. అదే దేశపు డువెల్ బీరుకు 8.5 శాతపు బలముతోపాటు అంత తేలికదనము కలుగుటకును డెక్స్‌ట్రోజే తోడ్పడుచున్నది. అమెరికాలో నిషేధకాలమున చక్కెర మాల్టును తరిమివేసి నిలిచినది. బెల్జియమున మాల్టు ప్రక్కన కొలతకు లోబడి నిలిచినది. చక్కెర మోసమా అని అడుగువారికి నేను చూపు సమాధానము ఈ రెండు గంగాళములే.

ఇంటి బీరుకారులు చాలకాలము, మన పటికబెల్లమువంటి గడ్డలను ‘బెల్జియను క్యాండీ చక్కెర’ యను పేర అధికమైన వెలకు కొని వాడిరి. 2005లో స్టాన్ హైరనిమస్ వ్రాసిన ‘బ్రూ లైక్ ఎ మాంక్’ అను గ్రంథము ఆ మఠముల, బీరుశాలల పద్ధతులను వివరించుటతో ఆ భ్రమ చాలవరకు తొలగినది. లేతవర్ణపు బీరులకు సాధారణమైన చక్కెరయే చాలును. ముదురు బీరుల ఎండుద్రాక్ష, ఖర్జూరపు పరిమళమునకు మూలము మాత్రము బాగుగా కాగి నల్లబడిన చక్కెరపాకము.

> ఏ చక్కెర ఏమి చేయును?
>
> *పంచదార:* వర్ణమును, రుచిని మార్చదు, బలమును మాత్రమిచ్చును.
>
> *డెక్స్‌ట్రోజు:* మొక్కజొన్ననుండి తీసిన గ్లూకోజు. తేమ కలిగియుండుటచే తూకమునకు పంచదారకంటె కొంత తక్కువ బలమిచ్చును.
>
> *తేనె:* పరిమళము మరిగినచో ఎగిరిపోవును గనుక చల్లారిన పిదప చేర్చుదురు.
>
> *బెల్లము:* సుక్రోజుతోపాటు ఖనిజములు, చెరకు రుచి నిలుచును. ముదురు బీరులకు తగినది.
>
> *పాలచక్కెర:* దీనిని బీరు ఈస్టు తినలేదు. కాబట్టి బలమియ్యక తీపినే మిగుల్చును.

ఎంత, ఎప్పుడు?

ఈస్టు ఆల్కహాలును తయారుచేయు యంత్రము కాదు, అది ప్రాణి. అది పెరుగుటకు నత్రజని వలయును. మాల్టులో అది సమృద్ధిగా కలదు, పంచదారలో లేశమైనను లేదు. కాబట్టి పంచదార మితిమీరినపుడు ఈస్టు ఆకలితో పనిచేసి, వికృతమైన వాసనలను విడుచును. మరియొక చిక్కు కలదు. గ్లూకోజు సులభాహారము గనుక ఈస్టు మొదట దానిపైనే పడును. అది మెండుగా దొరకినంతకాలము మాల్టోజును లోనికి గ్రహించు ఏర్పాటును మూసియుంచును. తొలినాడే చక్కెర అంతయు పోసినచో, దానిని ముగించునాటికి చుట్టును ఆల్కహాలు పెరిగి, ఈస్టు అలసి, కష్టమైన మాల్టోజును సగములో విడిచిపెట్టు ప్రమాదము కలదు.

అందుచే అనుభవజ్ఞులు మాల్టు కషాయమును ముందు పులియనిచ్చి, మూడునాలుగు దినములకు నురుగు ఉద్ధృతి తగ్గుముఖము పట్టునపుడు, కొలదినీటిలో మరిగించి చల్లార్చిన చక్కెరపాకమును విడతలుగా చేర్చుదురు. బలమైన బీరుకు ఈస్టును సాధారణముకంటె ఎక్కువగా వేయవలెను. మొదటి దినములలో గది చల్లగానుండవలెను. లేనిచో గొంతును మండించు ఘాటైన ఆల్కహాలులు పుట్టును. సాధారణపు ఈస్టులు చాలవరకు 9 మొదలు 12 శాతములోపు ఆల్కహాలు వద్ద సొమ్మసిల్లును గనుక, అంతకుమించి చక్కెర గుమ్మరించుట వలన మిగులునది తీపియే.

ఒక ట్రిపెల్ లెక్క చూతము. 20 లీటర్లకు 5.5 కిలోల లేత పిల్స్‌నరు మాల్టు, 900 గ్రాముల పంచదార. మాల్టు సారమును 75 శాతము రాబట్టగలిగినచో తొలి గురుత్వము ఇంచుమించు 1.081. ఇందు చక్కెర వంతు ఐదింట ఒకటి. ఇంట చేయువారు దాటుటకు జంకవలసిన హద్దు ఇదియే యని నేననుకొందును. చక్కగా పులిసినచో 1.010కి దిగి, 9 శాతమునకు పైబడిన బలము కలుగును. 1.081కే కేవల మాల్టుతో చేరినచో 1.019 వద్ద ఆగిపోవుట సాధారణము. కాగితముపై ఆ 0.009 భేదము చిన్నది. నోట అది రెండు వేర్వేరు పానీయముల భేదము.

సీసాలలో పోయునాడు చేర్చు చక్కెర వేరు. లీటరుకు 6 గ్రాముల పంచదార చాలును. బలము ఒక శాతములో ఇంచుమించు మూడవవంతు మాత్రము పెరిగి, వాయువు సీసాలో బంధింపబడి నురుగునిచ్చును. బలమునకు వేసిన చక్కెర ఇంకను పులియుచుండగా తొందరపడి సీసాలు మూసినచో, ఈ రెండు చక్కెరల వాయువులు కలిసి గాజు పగులును. నిషేధకాలపు నేలమాళిగలలో జరిగినది ఇదియే. మూడు దినములు వరుసగా హైడ్రోమీటరు ఒక్క అంకెనే చూపువరకు మూత బిగింపరాదు. సీసాలు దళసరివై, గదిలో పిల్లలు తిరుగనిచోట ఉండవలెను.